పుర్రచేతి గాటు

ఆ మొక్క తాను పెంచింది కాదని గంగారాంకు ముందుగా తెలిసింది ఎడమచేతి బొటనవేలితో.

గురువారం పొద్దున. రాయికల్‌లో బావమరిది దినాలకు పోయి, మూడు రోజులుండి అప్పుడే వచ్చాడు. పాలీహౌస్ తాళం తీసి, చెప్పులు బయట విడిచి, రెండో వరుసలో ఐదో తొట్టి ముందు కుడికాలు చాపి కూర్చున్నాడు. సైకస్ మొక్కకు ఎండిన మట్టల మొదళ్ల వెనక తెల్లటి పొలుసు పురుగు చేరుతుంది. దాన్ని పాత పండ్లబ్రష్షుతో, వేపనూనె కలిపిన సబ్బునీళ్లతో తోముతాడు. తోమే ముందు మొదలు చుట్టూ వేలు తిప్పి చూడటం అలవాటు. ఆ వేలు ఒకచోట ఆగింది. మట్ట కోసిన చోటు బల్లచెక్కలా సమంగా ఉంది.

గంగారాం కోసిన మట్ట ఎప్పుడూ అట్లా ఉండదు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పక్క తొట్టిని ముట్టుకోకముందే తల ఎత్తి మూలనున్న కెమెరా వైపు చూశాడు. చూసినందుకు తననే తిట్టుకుని, బక్కెట్ అందుకున్నాడు.

కోరుట్ల దాటి మెట్‌పల్లి పోయే రోడ్డు పక్కన, పసుపు చేల మధ్య ఉంటుంది ఆ పాలీహౌస్. యజమాని రవి మస్కట్‌లో ఒక పెద్ద హోటల్ తోటలో పనిచేస్తాడు. అక్కడి లాన్లలో సైకస్‌లను చూసి, వాటికున్న గిరాకీ తెలుసుకుని, కడియం నర్సరీల నుంచి ఏరికోరి నలభై పెద్ద మొక్కలు తెప్పించాడు. అవి తల్లి మొక్కలు. వాటి మొదట్లో పుట్టే పిలకలను విడదీసి పెంచి అమ్మడం వ్యాపారం. చూసేవాళ్లకు సైకస్ పొట్టి ఈతచెట్టులా కనబడుతుంది గాని రెంటికీ చుట్టరికం లేదు. ఏడాదికి వేలెడు ఎత్తు కూడా పెరగదు. నీళ్లు ఎక్కువైతే లోపలే కుళ్లి, పైకి నెలల తరబడి పచ్చగా కనబడుతూ ఉంటుంది. చచ్చిందనుకున్నది ఒక వానకు పది మట్టలు ఒక్కసారే విప్పుతుంది. దాని సంగతి బయటికి తెలియదు. ఆ మాట అక్కడి మనుషులకూ వర్తిస్తుంది.

రవి లేనప్పుడు లావాదేవీలన్నీ చూసేది అతని అక్క మొగుడు సతీశ్. మొక్కలను చూసేది గంగారాం. ఈ ఇద్దరినీ చూసేవి నాలుగు కెమెరాలు. రవి మధ్యాహ్నం తిండి తింటూ మస్కట్‌లో ఫోన్ తీసి తొట్లు లెక్కబెట్టేవాడు. నాలుగు వరుసలు, వరుసకు పది. ఒక్కోసారి ఉన్నట్టుండి ఫోన్ చేసేవాడు.

"కాకా, మూడో వరుస కాడ నిలబడ్డ పిల్ల ఎవరు?"

"కలుపు తీసే పిల్ల, రవి. నిన్న చెప్తి గద."

"ఆమె చేతిల సంచేంది?"

"సద్ది."

"గంత పెద్ద సంచిల సద్దా?"

అట్లా నడిచేది ఆ కొలువు.

ఆ గురువారం గంగారాం నలభై తొట్లనూ చూశాడు. వంగి ప్రతిదాన్నీ తడిమితే కెమెరాలో కనబడుతుంది. అందుకని మొదటి రెండు వరుసలను వేలితో, మిగిలిన రెండింటినీ నీళ్లు పోస్తున్నట్టు నడుస్తూ చూపుతో లెక్కబెట్టాడు. పదకొండు. పదకొండు తొట్లలో పదకొండు సైకస్‌లున్నాయి, ఒక్కటీ తనది కాదు. తొట్లు మాత్రం అవే. ఎవరో తల్లి మొక్కలను వేర్లతో ఎత్తి, అదే ఎత్తున్న పాత మొక్కలను వాటి స్థానంలో దింపారు. మస్కట్ నుంచి లెక్కబెట్టేవాడికి నలభై నలభైగానే ఉంటుంది.

తాళంచెవులు రెండు. ఒకటి సతీశ్ దగ్గర, ఒకటి తన మొలతాడుకు.

చెబితే మొదట తన మీదికే వస్తుంది. చెప్పకుంటే, రవి దసరాకు వస్తున్నాడు, వచ్చి చూస్తే అప్పుడూ తన మీదికే వస్తుంది. యాభై ఎనిమిదేళ్ల గంగారాంకు పోగొట్టుకోవడానికి పొలం లేదు, పలుకుబడి లేదు. ఉన్నదల్లా ఒక పేరు. ఆ పేరు ఇదివరకు ఒకసారి పోబోయి తిరిగి వచ్చింది.

అప్పుడతనికి ఇరవై రెండేళ్లు. కులవృత్తి కల్లుగీత. తెల్లవారక ముందే మోకు భుజాన వేసుకుని ఈత వనానికి పోయేవాడు. పుర్రచెయ్యి వాడు, కత్తి ఎడమచేత పట్టేవాడు. తోటివాళ్లు నవ్వేవాళ్లు, "వీని చెట్టు గూడ వీని తీర్గనే వంకర వారుతది" అని. ఒక ఏడు పెద్ద గీతగాడి చెట్లను ఎవరో చీకట్లో దొంగగా గీశారు. కొత్తగా పెళ్లయినవాడు, అవసరాలున్నవాడు అని అందరి చూపూ గంగారాం మీదికి మళ్లింది. కల్లు మండువ ముందు పంచాయతీ పెట్టారు. ఒక ముసలి గీతగాడు మాట్లాడకుండా చెట్టెక్కి, దిగి, రెండే మాటలన్నాడు: "గాటు ఎడమదిక్కు వాలింది. పుర్రచేతోనిది కుడిదిక్కు వాల్తది. వీడు కాదు." పంచాయతీ అయిపోయింది. దొంగ ఎవరో ఎన్నడూ తేలలేదు. ఊళ్లో సగం మంది ఆ తరువాత కూడా గంగారాం వంక ఒక రకంగానే చూశారు. అయినా ఆ రోజు నుంచి అతను తన గాటును సంతకంలా చూసుకున్నాడు.

పదకొండేళ్ల కింద తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. నడుము నిలిచింది గాని కుడి మోకాలు పోయింది. చెట్టెక్కే పని ఆగిపోయింది. నిలబడి చేసే పని కోసం వెతుకుతుంటే రవి పిలిచాడు. మొదటి నెల గంగారాం సైకస్‌ను ఈతచెట్టులాగే చూశాడు. మట్టను కిందినుంచి పైకి, నీళ్లు నిలవకుండా ఏటవాలుగా కోశాడు. కత్తెర ఇస్తే పక్కన పెట్టాడు. గీత కత్తితోనే కోశాడు. ఎవరూ వద్దనలేదు. పిలక తీసిన చోట మందు పొడి చల్లాలని రవి ఫోన్‌లో చెప్తే, గంగారాం మెట్‌పల్లి పసుపు కొమ్ములు దంచి ఆ పిండి పట్టించాడు. పిలకలు బతికాయి. రవి మళ్లీ మందు మాట ఎత్తలేదు. అట్లా నలభై మొక్కల మొదళ్ల నిండా, వరుస మీద వరుస, కుడికి వాలిన గాట్లు పడ్డాయి. అది గుర్తు అని అతను ఎవరికీ చెప్పలేదు. అడిగిన వాళ్లూ లేరు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య కొమురవ్వ గడపలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. గంగారాం ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పాడు. ఆమె చుట్టడం ఆపలేదు.

"ఎవలకన్న చెప్పినవా?"

"నీకే."

"ఇంకెవలకు చెప్పకు."

"చెప్పకుంటె ఎట్లనే? రవి అచ్చి చూస్తడు."

"చూసి ఏం గుర్తు పడ్తడు? గాయినె చూసేది ఫోన్ల. ఫోన్ల నువ్వు గూడ అందంగనే కనపడ్తవు." ఆకు తుంపి పక్కన వేసింది. "నువ్వు లేని మూడొద్దులు ఎవలున్నరు ఆడ?"

"సతీశ్ సేటు. కెమెరాలకు నెట్టు గూడ లేకుండెనట. డబ్బ కాలిందన్నడు."

కొమురవ్వ అప్పుడు చెయ్యి ఆపింది. "నువ్వు పోంగనే కాలిందా?"

అతను చొక్కా జేబులో నుంచి ఒక పొగాకు చుట్టంత ఉండ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆ మారిన మొక్కల మట్టల మొదట్లో, ముళ్లకు చిక్కుకుని ఉంటే ఏరాడు. సాలెగూడనుకున్నాడు. కొమురవ్వ దాన్ని విప్పి దీపం వెలుగుకు పట్టింది. ఎర్రగా, ముదురు నీలంగా సన్నటి నూగు.

"సాలెగూడు గాదిది. నూలు. బీడీ సంఘం మీటింగుకు సిరిసిల్ల పోయిన్నాడు నా నెత్తినిండ ఇదే. బట్ట నేసే సాంచాలు నడిచే కాడ గాలిల ఎగుర్తది." ఉండను తిరిగి అతని చేతిలో పెట్టింది. "గా మొక్కలు సిరిసిల్ల కెల్లి అచ్చినయి."

అయినా గంగారాం ముందు సతీశ్‌కే చెప్పాడు. చెప్పకుండా దాచాడన్న మాట రాకూడదని. సతీశ్ పాలీహౌస్ ముందున్న రేకుల గదిలో ఫోన్ చూస్తున్నాడు. విని నవ్వాడు.

"మొక్కను చూసి నీది గాదంటున్నవా గౌడ్? బర్రెనా అది, చెవి కోసి గుర్తు వెట్టనీకి?"

"నా చేతి కోత నాకు తెల్వదా సేటూ."

"ఎన్ని?"

"పదకొండు."

సతీశ్ నవ్వు ఆగింది. ఏదో లెక్క సరిపోనట్టు ఒక క్షణం గంగారాం ముఖంలోకి చూశాడు. గంగారాం ఆ చూపును గుర్తుపెట్టుకున్నాడు గాని అప్పటికి అర్థం కాలేదు.

"కండ్లు మసకలైనయి నీకు. మొన్న గేటు కాడ నన్నే గుర్తుపట్టకపోతివి. జగిత్యాల పోయి చూపిచ్చుకో, పో. చీటి తెచ్చి నాకియ్యి." తరువాత గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. గీ ముచ్చట రవికి చెప్తె ఎవని మీదికస్తదో ఎర్కనా? తాళంచెయ్యి ఎవని మొలకున్నది?"

రెండు రోజుల తరువాత రవి ఫోన్ వచ్చింది.

"కాకా, కండ్లు మంచిగ లేవట గద?"

"ఎవలు చెప్పిన్రు?"

"బావ చెప్పిండు. పిలకలు గూడ లెక్క తక్కువస్తున్నయట. కడియం కెల్లి ఒక పనోన్ని మాట్లాడిండట, దసరా ఎల్లంగనే అస్తడట." కొంచెం ఆగాడు. "నువ్వేమన్న చెప్పేదున్నదా?"

గంగారాంకు చెప్పాలనిపించింది. కాని రవి గొంతు అడిగినట్టు లేదు, తవ్వినట్టుంది. "నువ్వు రా. అచ్చినంక మాట్లాడుదాం" అన్నాడు. ఫోన్ పెట్టాక, ఆ మాట దొంగ మాటలాగే ఉందని తనకే తోచింది.

సోమవారం జగిత్యాల పోయాడు. కంటి దవాఖానాలో చిన్న వయసు డాక్టర్ దీపం వేసి చూసి, ఎడమ కన్ను బాగుందని, కుడి కంట్లో పొర మొదలైందని, ఆపరేషన్‌కు ఆరు నెలలు ఆగొచ్చని చెప్పింది.

"మేడం, మట్ట వాలుగ కోసిందా, సక్కగ కోసిందా, నాకు కనపడ్తదా?"

"ఏం మట్ట?"

"ఏదైన."

"దగ్గర పెట్టుకుని చూస్తే కనబడుతుంది. నడుస్తూ, దూరం నుంచి చూస్తే తప్పిపోవచ్చు." చీటీ రాసిచ్చింది.

చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పొర ఉన్నట్టు కాగితం మీద పడింది. ఇంక దీన్ని సతీశ్‌కు ఇవ్వడమంటే కత్తి నూరి చేతికివ్వడమే. బస్టాండ్‌లో కోరుట్ల బస్సు నిలబడే ఉంది. దాన్ని దాటి పోయి వేములవాడ బస్సెక్కాడు. కొండగట్టు దగ్గర సగం జనం దిగిపోయారు. వేములవాడలో మరో బస్సు పట్టి, పొద్దు తిరిగేవేళకు సిరిసిల్లలో దిగాడు.

సాంచాల చప్పుడు రోడ్డు మీదికే వినబడుతోంది. అంత పెద్ద సైకస్‌లను కుండీల్లో పెట్టుకునేది ఎక్కువగా ఫంక్షన్ హాళ్లవాళ్లేనని గంగారాంకు తెలుసు. టీ కొట్టు దగ్గర ఒక ఆటో అతన్ని అడిగాడు.

"సాంచాల పక్కపొంటి ఫంక్షన్ హాలేమన్న ఉన్నదా తమ్మీ? ముంగట ఈతచెట్ల అసొంటి కుండీలుంటయి."

"పెండ్లికి పోతున్నవా, కుండీలకు పోతున్నవా?"

"కుండీలకే."

ఆటో అతను ఒకసారి పై నుంచి కింది దాకా చూసి, ఎక్కమన్నాడు. మొదటి హాలు ముందు ప్లాస్టిక్ పూలు. రెండో హాలు ముందు ఏమీ లేవు. మూడోది నేత షెడ్ల సందు చివర ఉంది. మెట్లకు అటు ఆరు, ఇటు ఆరు సిమెంటు కుండీలు. గంగారాంకు దగ్గరికి పోవాల్సిన పని కూడా లేకపోయింది. అయినా పోయాడు. మొదటి దాని వెనక వేలు పెట్టాడు. కోత కుడికి వాలింది. రెండోది. మూడోది. పన్నెండు కుండీల వెనకా వేలు తిప్పాడు. పన్నెండూ తనవే.

ఆ లెక్క అతన్ని ఇబ్బంది పెట్టింది. పోయినవి పదకొండు. పన్నెండు దొరకడమేమిటి?

"ఏందే పెద్దమనిషీ, మొక్కలకు చక్కిలిగింతలు వెడ్తున్నవా?" మెట్ల మీద కూర్చున్న కాపలాదారు లచ్చయ్య అడిగాడు.

"మంచిగున్నయి, చూస్తున్న. ఎక్కడియి?"

"కోరుట్ల. మా సేటు దోస్తు ఒగాయినకు నర్సరి ఉన్నది. పాతయి చీడ వట్టినయని గాయినె ట్రాలీల వేస్కపోయి, గివి దింపిండు. మొన్న వారమే. రెండు దఫాలు."

"పాతయి ఏడ ఉండె?"

"గిదే జాగల. ఎన్ని కడిగినా నూలు వట్టేది. ఎందుకడుగుతున్నవు, కొంటవా?"

"కొనేటోనసొంటి మొఖమా నాది?"

లచ్చయ్య ఆలోచించి ఒప్పుకున్నాడు. "గాదు."

గంగారాం ఒక కుండీలో మట్టి పిడికెడు తీసి పిండాడు. నీళ్లు కారాయి. "రోజు పోయకున్రి. వారానికోసారి చాలు. కుళ్లిపోతది" అన్నాడు. లచ్చయ్య అతని వైపు అప్పుడు అనుమానంగా చూశాడు. గంగారాం తిరిగి చూడకుండా సందు దాటాడు.

ఇంటికొచ్చి కొమురవ్వకు అంతా చెప్పాడు. ఆమె వెంటనే ఫోన్ చెయ్యమంది. అతను ఒప్పుకోలేదు.

"సతీశ్ గాయిన అక్క మొగడు. నేనెవన్ని? నేను ఫోన్ల చెప్పంగనే రవి బావకు ఫోన్ చేస్తడు. తెల్లారెవరకు మొక్కలు సిరిసిల్లల ఉండయి."

"మరి పన్నెండేంది, పదకొండేంది?"

"అదే తెల్వది. మళ్ల తడిమి చూద్దమంటె సతీశ్ కన్ను నా మీదనే ఉన్నది."

"లెక్క తప్పితే మొత్తం తప్పంటరు."

"అదే నా భయం."

దసరాకు పది రోజుల ముందు రవి దిగాడు. సామాను ఇంట్లో పడేసి నేరుగా పాలీహౌస్‌కు వచ్చాడు. సతీశ్ అప్పటికే అక్కడున్నాడు. వరుసల మధ్య నిలబడి రవి మొదట బావ చెప్పింది విన్నాడు: ముసలోడికి కళ్లు మసకలయ్యాయి, దవాఖానా చీటీ అడిగితే ఇస్తలేడు, పిలకలు తగ్గుతున్నాయి, ఇప్పుడు మొక్కలు మారాయని కొత్త కథ మొదలుపెట్టాడు. తరువాత గంగారాం చెప్పింది విన్నాడు. గంగారాం కోతల సంగతి, పదకొండు మొక్కల సంగతి చెప్పాడు. సిరిసిల్ల సంగతి చెప్పలేదు.

రవి రెండు ముఖాలనూ మార్చి మార్చి చూశాడు.

"పదకొండు ఏవో బరాబర్ చెప్తున్నవు కాకా. మార్చినోనికి గూడ బరాబరే తెలుస్తయి గద."

"నిజమే" అన్నాడు గంగారాం. "నేనైన గట్లనే అనుకుందును."

"మరి?"

"నన్ను బయటికి పంపు. తొట్లు కలగలుపు, నీ ఇష్టమున్న తీర్గ. కండ్లకు తువ్వాల కట్టు. చేతికి దొరికింది చెప్త."

సతీశ్ నవ్వాడు. "సర్కస్ వెట్టినట్టున్నది. టికెట్లు అమ్ముదామా రవీ?"

"నువ్వు గూడ బయటికే, బావా" అన్నాడు రవి.

ఇద్దరు కూలీలు తొట్లు జరుపుతున్నంత సేపూ సతీశ్, గంగారాం బయట ఒకే బెంచీ మీద కూర్చున్నారు. లోపల తొట్టి ఈడ్చిన చప్పుడు వచ్చినప్పుడల్లా సతీశ్ కాలు ఊపడం ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"గౌడ్. నాలుగు సక్కగ చెప్పు, నాలుగు తప్పు చెప్పు. ముసలోడు, కండ్లు లేవు అనుకుంటడు, ముచ్చట ఒడుస్తది. కడియపోన్ని నేను రావద్దంట. నీ కొలువు నీకుంటది."

గంగారాం తువ్వాల మడత విప్పి మళ్లీ మడిచాడు. మాట చెడ్డదేమీ కాదు. కొలువుంటుంది. పేరు ఎట్లాగూ ముసలితనం కింద పోతుంది గాని దొంగతనం కింద కాదు. కల్లు మండువ ముందు మాట్లాడకుండా చెట్టెక్కిన ముసలి గీతగాడు గుర్తొచ్చాడు. ఆయన కూడా రెండు తప్పు మాటలు చెప్పి ఊరుకుని ఉండొచ్చు. ఎవరడిగేవాళ్లు?

"సేటూ, నేను సిరిసిల్ల పోయచ్చిన."

సతీశ్ కాలు ఆగింది. "ఎప్పుడు?"

"కండ్లు చూపిచ్చుకోను పొమ్మన్నవు గద. గా రోజే."

సతీశ్ ఫోన్ తీసి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

లోపలికి పిలిచాక రవి తానే తువ్వాల కట్టాడు. రెండు చుట్లు తిప్పి, ముడి వేసి, ముక్కు పక్క సందులో వేలు పెట్టి చూసుకున్నాడు. గంగారాంను మొదటి తొట్టి ముందు కూర్చోబెట్టాడు. కుడి మోకాలు వంగదు కాబట్టి అతను కాలు చాపి, తొట్టి నుంచి తొట్టికి జరుగుతూ పోయాడు. ప్రతిచోటా ఎడమచేతి బొటనవేలు మొదలు చుట్టూ ఒక్కసారి తిరిగింది. "నాది." "నాది." "గాదు." "నాది." కాదన్నప్పుడల్లా రవి ఆ తొట్టి మీద ఇటుక ముక్క పెట్టాడు. నాలుగో వరుసలో ఒకచోట గంగారాం రెండోసారి, మూడోసారి తడిమాడు.

"ఏమైంది?" అన్నాడు రవి.

"గాదు. ఇది గూడ నాది గాదు."

తువ్వాల విప్పాక గంగారాం ముందు ఇటుకలు లెక్కబెట్టాడు. పన్నెండు. మెట్లకు అటు ఆరు, ఇటు ఆరు. మొదటి రోజు కెమెరాకు భయపడి చూపుతో లెక్కబెట్టిన రెండు వరుసల్లో ఒకటి తప్పిపోయిందన్నమాట. పొర ఉన్న కన్ను తప్పిన దాన్ని వేలు పట్టుకుంది. ఆ రోజు సతీశ్ ముఖంలో సరిపోని లెక్క ఏమిటో కూడా అర్థమైంది.

"పదకొండని పన్నెండు వెట్టిండు" అన్నాడు సతీశ్. "చూసినవా? నోటికచ్చింది చెప్తున్నడు."

రవి చిన్న పార తీసుకుని, ఇటుక లేని ఒక తొట్టిలో మట్టి పక్కకు తీశాడు. రెండు జానల లోతున ఒక వేరుకు తీగతో కట్టిన అల్యూమినియం బిళ్ల బయటపడింది. దాని మీద సుత్తెతో కొట్టిన నంబర్. మట్టి కప్పాడు. ఇటుక ఉన్న తొట్టిలో తవ్వాడు. ఏమీ లేదు. ఇంకో ఇటుక తొట్టి. ఏమీ లేదు. అట్లా పన్నెండూ తవ్వాడు. గంటన్నర పట్టింది. ఎవరూ కదలలేదు.

"ఈ బిళ్లలు ఎప్పుడు కట్టినవు?" అన్నాడు సతీశ్.

"మొక్కలు దింపిన్నాడే. మా హోటల్ల గిట్లనే కడ్తరు." రవి చేతుల మట్టి దులుపుకున్నాడు. "అక్కకు గూడ చెప్పలే. కాకకు గూడ."

"సిరిసిల్లల పన్నెండున్నయి" అన్నాడు గంగారాం. "సాంచాల సందుల ఫంక్షన్ హాలు. కాపలాయన పేరు లచ్చయ్య. ఎవలు దింపిన్రో గాయిన్నే అడుగు."

రవి తలుపు వైపు నడిచాడు. "బావా, బండి తియ్యి. సిరిసిల్ల పోదాం."

పోయారు. రాత్రికి పన్నెండూ ట్రాలీలో తిరిగి వచ్చాయి. వేర్లకు బిళ్లలు ఉన్నాయి. రెండింటికి అప్పటికే కింద కుళ్లు పట్టింది. గంగారాం కుళ్లిన మేర కోసి, పసుపు పట్టించి, నీడలో బోర్లా ఆరబెట్టాడు. ఒకటి బతికింది.

అక్క మొగుడు కాబట్టి సతీశ్‌ను ఎవరూ వెళ్లగొట్టలేదు. రేకుల గదిలో ఇప్పటికీ కూర్చుంటాడు, ఫోన్ చూస్తాడు. పాలీహౌస్ తాళంచెవి మాత్రం ఒక్కటే ఉంది, అది గంగారాం మొలతాడుకుంది. కడియం మనిషి రాలేదు. తప్పయిందని రవి అనలేదు, గంగారాం అనిపించుకోవాలని చూడలేదు. కొమురవ్వ మాత్రం సతీశ్ గేటు ముందు నుంచి పోతున్నప్పుడు వినబడేలా మొగుడిని అడుగుతుంది, "కండ్లు ఎట్లున్నయి, మంచిగ కనపడ్తున్నదా?" అని.

మస్కట్ పోయే ముందు రోజు రవి మనిషిని పిలిపించి ఐదో కెమెరా పెట్టించాడు. అది గంగారాం మట్టలు కోసే బల్ల మీదికి తిప్పి ఉంది.

"నమ్మక గాదు కాకా. అందరికి ఒక్కటే."

"పెట్టు, పెట్టు" అన్నాడు గంగారాం. "మంచిదే."

ఇప్పుడతను మట్ట కోసినప్పుడు కోత కుడికే వాలుతుంది. ఆ సంగతి రవికి తెలుసు, సతీశ్‌కు తెలుసు, ఇద్దరు కూలీలకు తెలుసు. తెలిసినవాడు కావాలంటే అట్లా కోయగలడు. అందుకని ఆ ఏడు చలికాలం మొదలుకొని గంగారాం ప్రతి మొక్కకూ ఇంకో గుర్తు పెడుతున్నాడు. బల్ల దగ్గర కాదు, కెమెరాకు వీపు తిప్పి, పొలుసు పురుగు తోముతున్నట్టు కూర్చున్నప్పుడు. అది ఎక్కడ పెడుతున్నాడో కొమురవ్వ రెండుసార్లు అడిగింది. అతను బీడీ చాట అవతలికి జరిపి, అన్నం పెట్టమన్నాడు.